గుడ్డిలో మెల్ల అని వదిలేస్తే... రెండు కళ్ళ పొత్తు చూసే ఆర్థాప్టిస్ట్ సంగతి

స్కూల్లో కంటి పరీక్ష క్యాంపు పెట్టినప్పుడు ఒక సీన్ ఎక్కడైనా కనిపిస్తుంది. పిల్లలు లైన్లో నిలబడతారు, గోడకి అక్షరాల చార్టు, ఒక్కొక్కళ్ళనీ పిలిచి "ఒక కన్ను మూసుకుని చదువు" అంటారు. పిల్లాడు అరచేత్తో కన్ను మూస్తాడు కానీ వేళ్ళ సందుల్లోంచి ఆ కన్నుతోనే చూస్తాడు, పైగా ముందున్న నలుగురు చదివింది విని విని ఆ లైను వాడికి నోటికొచ్చేసి ఉంటుంది, గడగడా చెప్పేస్తాడు, కాయితం మీద 6/6 అని, అంటే చూపు మామూలుగానే ఉందని, పడిపోతుంది, తర్వాతి పిల్లని పిలుస్తారు. వాడు కావాలని మోసం చెయ్యలేదు. తను ఒక కన్నుతోనే చూస్తున్నానన్న సంగతి వాడికే తెలీదు. ఊహ తెలిసినప్పటినుంచీ అంతే కాబట్టి అందరూ ఇలాగే చూస్తారనుకుంటాడు.

చార్టు సరిగ్గా చదివించినా సరే, అది చెప్పేది ఒక్కో కన్ను విడివిడిగా ఎంత దూరం చూస్తుందన్న ముక్క ఒక్కటే. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయా, ఒకటి పని ఎగ్గొడుతుంటే రెండోది లాక్కొస్తోందా, అటూ ఇటూ తిరిగేటప్పుడు కాడికి కట్టిన జోడెడ్లలాగా రెండూ కలిసి నడుస్తున్నాయా, ఇవేవీ చార్టుకి తెలీవు. ఈ పొత్తు లెక్క చూడటానికి ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన మనిషే ఆర్థాప్టిస్ట్.

పేరు వినగానే ఎముకల డాక్టరేమో అనుకుంటారు చాలామంది, ఆర్థో అంటే మనకి మోకాళ్ళే గుర్తొస్తాయి కాబట్టి. గ్రీకులో 'ఆర్థోస్' అంటే తిన్నగా, వంకర లేకుండా అని. పిల్లల ఒళ్ళు తిన్నగా చెయ్యడం ఆర్థోపెడిక్, చూపు తిన్నగా చెయ్యడం ఆర్థాప్టిక్స్. కంటి డాక్టరు ఆపరేషన్ చేస్తారు, మందులు రాస్తారు. ఆప్టోమెట్రిస్ట్ చూపు పరీక్ష చేసి అద్దాల పవర్ తేలుస్తారు, కంటి జబ్బు అనుమానం ఉంటే పైకి పంపుతారు. ఆప్టీషియన్ ఆ చీటీ చూసి జోడు తయారుచేసి ఇస్తారు. ఆర్థాప్టిస్ట్ చూసేది మెల్లకన్ను, లేజీ ఐ (ఒక కంటి చూపు ఎదగక ఆగిపోవడం), ఒకటి రెండుగా కనపడటం, కనుగుడ్డు ఒక వైపుకి తిరగకపోవడం లాంటివి. సాధారణంగా కంటి డాక్టరు టీములోనే ఉంటారు, కత్తి పట్టరు.

ఈ విద్య మొదలైంది ఒక ఇంటి బాధలోంచి. ఫ్రాన్స్‌లో ఎమీల్ జవాల్ అని 1839లో పుట్టినాయన, ముందు ఇంజనీరు, తర్వాత డాక్టరయ్యాడు. వాళ్ళింట్లో మెల్లకన్ను ఉంది, చెల్లెల్ని స్టీరియోస్కోప్ (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ విడిగా చూపించే పరికరం) ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా అభ్యాసాలు చేయిస్తూ ఆమె మెల్లని సరిచెయ్యాలని చూశాడు. ఆయనకే చివర్లో గ్లకోమాతో చూపు పోయింది, అది వేరే కథ. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ మాడాక్స్ అనే కంటి డాక్టరు (మెల్ల చూడటానికి ఇప్పటికీ కంటి ఆస్పత్రుల్లో వాడే మాడాక్స్ రాడ్ ఆయనదే) కూతురు మేరీకి ఈ పని నేర్పాడు, మొట్టమొదటి ఆర్థాప్టిస్ట్ అని చెప్పుకునేది ఆవిడనే. 1937కల్లా బ్రిటిష్ ఆర్థాప్టిక్ సొసైటీ ఏర్పడింది. ఇప్పుడు బ్రిటన్‌లో దీనికి విడిగా డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకోవడం చట్టప్రకారం కుదరదు.

అసలు కంటి పొత్తు ఎంత చిక్కు వ్యవహారమో చూస్తే ఇంత ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకో తెలుస్తుంది. ఒక్కో కనుగుడ్డుకి దాన్ని తిప్పే కండరాలు ఆరు, రెండు కళ్ళకి పన్నెండు. వాటిని నడిపేవి మెదడులోంచి వచ్చే మూడో నరం, నాలుగో నరం, ఆరో నరం. కుడివైపు చూడాలంటే కుడి కన్ను బయటికి, ఎడమ కన్ను లోపలికి ఒకే క్షణంలో ఒకే కొలతలో తిరగాలి. అలా తిరిగాక రెండు కళ్ళనుంచి వచ్చిన రెండు కొంచెం తేడా బొమ్మల్ని మెదడు ఒకటిగా కలుపుకుంటుంది, ఆ చిన్న తేడాలోంచే లోతు కూడా తెలుస్తుంది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసుకుని ప్రయత్నించండి, ఆ లోతు విలువేంటో అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక కన్ను పక్కకి పోయిందనుకోండి. పెద్దవాళ్ళకైతే వెంటనే ఒకటి రెండుగా కనపడుతుంది, తల తిరుగుతుంది, భయపడి ఆస్పత్రికి పరిగెడతారు. చిన్నపిల్లల మెదడు అలా ఇబ్బంది పడదు, పక్కకి పోయిన కంటినుంచి వచ్చే బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. పిల్లకి రెండు బొమ్మలు కనపడవు, నొప్పి ఉండదు, కంప్లైంట్ ఉండదు. కొన్నాళ్ళకి ఆ కంటి చూపు ఎదగడమే ఆగిపోతుంది, ఎన్ని అద్దాలు పెట్టినా అక్షరం స్పష్టంగా రాదు. దాన్నే లేజీ ఐ అంటున్నారు. కన్ను బద్ధకించింది అన్నట్టు ఉంటుంది ఆ పేరు, నిజానికి కనుగుడ్డు చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది, వినడం మానేసింది మెదడు. ఎంతో కాస్త నయం అనే అర్థంలో మన భాషలో 'గుడ్డిలో మెల్ల' అంటాం. పిల్లల విషయంలో ఈ మాట తిరగబడుతుంది, మెల్ల ఉంది కదా చూపు ఉందిలే అని వదిలేస్తే ఆ కన్ను నడిచేది గుడ్డి వైపుకే.

మెల్లకన్ను అదృష్టం అనే నమ్మకం ఒకటి, పెద్దయితే అదే పోతుందిలే అనేది ఇంకొకటి. ఈ రెండూ కలిసి ఎంతమంది పిల్లల్ని ఆలస్యం చేశాయో. మూడు నాలుగు నెలల లోపు పసిపిల్లల కళ్ళు అప్పుడప్పుడు అటూ ఇటూ పోవడం మామూలే, ఆ తర్వాత కూడా పోతుంటే అది పెద్దయితే పోయే రకం కాదు. దీనికి రెండో పక్క కూడా ఉందనుకోండి, ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పిల్లల్లో కంటి లోపలి తెల్లభాగం చర్మం కింద దాగి మెల్ల ఉన్నట్టు కనపడుతుంది, ఫొటోల్లో మరీనూ, నిజానికి మెల్ల ఉండదు. టార్చి వేసి రెండు నల్లగుడ్ల మీద వెలుగు చుక్క ఒకే చోట పడిందో లేదో చూసి, కవర్ టెస్ట్ కూడా చేసి, ఇది ఉత్తుత్తి మెల్ల అని తేల్చి ఇంటికి పంపడం కూడా డయాగ్నోసిసే.

కవర్ టెస్ట్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఆర్థాప్టిస్ట్ పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. చూడటానికి అందులో ఏమీ ఉండదు. పిల్ల అమ్మ ఒళ్ళో కూర్చుంటుంది. ఎదురుగా అడుగు దూరంలో ఒక పుల్లకి అంటించిన చిన్న బొమ్మ. "కుక్కపిల్ల తోక ఎటుంది చెప్పు" అని అడుగుతారు, పిల్ల ఆ బొమ్మని నిజంగా చూడాలి కదా, ఊరికే అటువైపు మొహం పెడితే సరిపోదు. పిల్ల తోక వెతుకుతుంటే ఆర్థాప్టిస్ట్ ఒక నల్ల ప్లాస్టిక్ చెంచా లాంటిది ఎడమ కంటికి అడ్డం పెడతారు. పెట్టాక చూసేది మూసిన కంటిని కాదు, తెరిచున్న కుడి కంటిని. అది కదలకపోతే అప్పటిదాకా అదీ బొమ్మనే చూస్తోందని. లోపలినుంచి బయటికి చటుక్కున జరిగి బొమ్మని పట్టుకుందంటే, ఇంతసేపూ అది లోపలికి వాలి ఉందని. ఆ కదలిక అర సెకను ఉంటుంది, ఒక్కోసారి మిల్లీమీటరు కూడా ఉండదు. తర్వాత చెంచాని ఒక కన్నుమీదినుంచి ఇంకో కన్నుమీదికి మార్చి మార్చి అడ్డం పెడతారు, అప్పుడు దాగున్న మెల్ల కూడా బయటపడుతుంది, అంటే మామూలుగా మెదడు బలవంతంగా నిలబెట్టి ఉంచేది, అలిసిపోయినప్పుడు మాత్రం జారిపోయేది.

ఇదే టెస్టులో ఇంకో సంగతి కూడా దొరుకుతుంది. బలహీనమైన కన్ను మూస్తే పిల్ల ఏమీ అనదు, బాగా చూసే కన్ను మూసేసరికి తల పక్కకి తిప్పుకుంటుంది, చెంచాని తోసేస్తుంది, ఏడుస్తుంది. మాటలు రాని పిల్ల ఇచ్చే సమాధానం అదే. ఆ చిరాకుని అల్లరి అని కొట్టిపారెయ్యకుండా నోట్ చేసుకోవడమే ఈ పనిలో నేర్పు.

ఆ తర్వాత కొలత. ప్రిజమ్ బార్ అని, చిన్నవి పెద్దవి గాజు పట్టకాల్ని నిచ్చెనలాగా పేర్చిన పట్టీ ఉంటుంది. దాన్ని కంటి ముందు ఒక్కో మెట్టూ జరుపుతూ కవర్ టెస్ట్ చేస్తుంటారు, ఏ మెట్టు దగ్గర కన్ను కదలడం ఆగిపోయిందో అదే మెల్ల కొలత. వెలుగుని ఒక మీటరు దూరంలో ఒక సెంటీమీటరు పక్కకి జరిపే శక్తిని ఒక ప్రిజమ్ డయాప్టర్ అంటారు. దూరం చూసేటప్పుడు ఎంత, దగ్గర చూసేటప్పుడు ఎంత, పైకి కిందకి ఎంత, అద్దాలతో ఎంత, అద్దాలు లేకుండా ఎంత, అన్నీ విడివిడిగా రాస్తారు. మెల్ల ఆపరేషన్ చేసే డాక్టరు ఏ కండరాన్ని ఎన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరపాలో ముఖ్యంగా ఈ అంకెల్ని బట్టే లెక్కేస్తారు. ఇక్కడ కొలత తప్పితే అక్కడ చెయ్యి ఎంత మంచిదైనా కన్ను తిన్నగా రాదు. ఆపరేషన్ పేరు డాక్టరుకి వెళ్తుంది, కొలిచినవాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు. స్కానింగ్ మిషన్‌కి వేలు కట్టడానికి వెనకాడని మనం, ప్లాస్టిక్ చెంచాతో ఇరవై నిమిషాలు చూసినదానికి ఫీజేంటని అడుగుతాం.

కళ్ళు తిన్నగా ఉన్నా మెదడు రెండు బొమ్మల్ని కలుపుతోందా అనేది వేరే ప్రశ్న. దానికి ఈగ బొమ్మ టెస్ట్ ఉంది, పిల్లలకి ఒక ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి పుస్తకంలో పెద్ద ఈగ బొమ్మ చూపించి రెక్క పట్టుకోమంటారు. పొత్తు బాగున్న పిల్ల కాయితానికి పైన గాల్లో వేళ్ళు పెట్టి చిటికెడు పట్టుకోబోతుంది, కొందరైతే భయపడి చెయ్యి వెనక్కి లాగేస్తారు. లోతు తెలియని పిల్ల నేరుగా వేలు కాయితానికి ఆనిస్తుంది. సైనాప్టోఫోర్ అనే పాతకాలం మిషన్ ఇంకా సరదాగా ఉంటుంది, రెండు గొట్టాల్లో ఒకదాంట్లో సింహం, ఒకదాంట్లో బోను. హ్యాండిల్ జరిపి సింహాన్ని బోన్లో పెట్టమంటారు. కొంతమంది పిల్లలు "సింహం పోయింది" అంటారు, బోను దగ్గరికి రాగానే మాయమైపోతుంది. అక్కడే మెదడు ఒక కంటి బొమ్మని తుడిచేస్తోందని అర్థం.

లేజీ ఐ వైద్యం విషయానికొస్తే, వదిలేసిన కన్ను గుడ్డి వైపుకి ఎలా నడుస్తుందో ల్యాబ్‌లో చూపించింది హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. పిల్లికూనల కన్ను ఒకటి కుట్టేసి ఉంచితే మెదడులో ఆ కంటికి చెందాల్సిన చోటుని రెండో కన్ను ఆక్రమించేస్తుందని, అదీ చిన్న వయసులోనే జరుగుతుందని తేల్చారు, 1981లో నోబెల్ వచ్చింది. అందుకే బాగున్న కన్నుకి ప్యాచ్ వేసి బలహీనమైనదానికి పని చెప్తారు. ముందు సరైన అద్దాలు, కొంతమందికి ఒట్టి అద్దాలతోనే చాలావరకు కుదురుకుంటుంది. తర్వాత ప్యాచ్. ఒకప్పుడు రోజంతా వేసేవాళ్ళు, పిల్లలు పీకేసేవాళ్ళు, ఇంట్లో యుద్ధం. అమెరికాలో పిల్లల కంటి డాక్టర్ల బృందం 2003లో ఇచ్చిన ఫలితాల్లో ఒక మోస్తరు లేజీ ఐకి రోజూ రెండు గంటల ప్యాచ్ ఆరు గంటలంత పనిచేసింది. అంతకుముందు ఏడాదే బాగున్న కంటిలో అట్రోపిన్ చుక్కలు వేసి కాస్త మసకగా చేసినా ఆర్నెల్లకి ఇంచుమించు అదే మేలు అని చూపించారు. ఎవరికి ఎన్ని గంటలు, ఎప్పుడు తగ్గించాలి, బాగున్న కన్ను దెబ్బతింటోందా అని విజిట్ విజిట్‌కీ కొలిచి చూసేది ఆర్థాప్టిస్టే. ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బావుంటుంది, దాటితే అసలు లాభం లేదనేది మాత్రం పాత మాట, పన్నెండేళ్ళదాకా, కొందరిలో టీనేజీలోనూ కొంత మెరుగు కనపడింది.

కొన్ని మెల్లలకి ఆపరేషనే అక్కర్లేదు. ప్లస్ పవర్ ఎక్కువున్న పిల్లలు దగ్గరిది చూడటానికి కన్ను బిగబట్టి బిగబట్టి అది లోపలికి తిరిగిపోతుంది, అద్దాలు పెడితే చక్కగా తిన్నగా నిలబడుతుంది, తీస్తే మళ్ళీ లోపలికి. "మూడేళ్ళ ఆడపిల్లకి కళ్ళజోడేంటి, రేపు పెళ్ళెలా" అని ఆ అద్దాల్ని బీరువాలో దాచేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

మెడ వంకర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పిల్లాడు ఎప్పుడూ తల ఒక భుజం వైపుకి వాల్చి ఉంటాడు, ఇంట్లోవాళ్ళు మెడ పట్టిందని తైలం రాస్తారు, ఫిజియోథెరపీకి తిప్పుతారు. కొందరిలో అసలు కారణం నాలుగో నరం బలహీనత, తల అలా వాలిస్తేనే రెండు బొమ్మలు ఒకటవుతాయి కాబట్టి వాడు తెలివిగా వాలుస్తున్నాడు. ఒక కన్ను మూస్తే మెడ తిన్నగా వస్తుందా చూడటం, తలని అటూ ఇటూ వాల్చి ఏ కన్ను పైకి లేస్తోందో చూడటం, ఇవి ఆర్థాప్టిస్ట్ చేసే పనులు. పెద్దవాళ్ళలో అయితే పాత ఫొటోలు తెమ్మంటారు, చిన్నప్పటి గ్రూప్ ఫొటోలో కూడా తల అలాగే వాలి ఉంటే ఇది ఎప్పటిదో జబ్బు అని తేలిపోతుంది, అనవసరంగా కంగారు పడక్కర్లేదు. అదే నరం బైకు మీదనుంచి పడి తలకి దెబ్బ తగిలినా పోతుంది, అలాంటివాళ్ళు మెట్లు దిగేటప్పుడు, పేపరు చదివేటప్పుడు రెండుగా కనపడుతోందంటారు.

పెద్దవాళ్ళలో ఒకటి రెండుగా కనపడితే మొదటి ప్రశ్న ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒక కన్ను మూస్తే రెండో బొమ్మ పోయిందా? మళ్ళీ రెండోది మూసి చూడండి. ఏది మూసినా పోతోందంటే రెండు కళ్ళ పొత్తు చెడింది. ఒక కన్ను మూసినా ఇంకా రెండుగానే ఉందంటే గొడవ చాలావరకు ఆ తెరిచున్న కంటిలోనే, శుక్లమో, పవరో. పొత్తు చెడినవాళ్ళలో షుగరు, బీపీ ఉన్నవాళ్ళు బోలెడు, ఆరో నరానికి రక్తం సరిగా అందక కన్ను బయటికి తిరగదు, ఇలాంటిది చాలామందికి మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అలాగని ఇంట్లో కూర్చోకూడదు, ఎందుకంటే రెప్ప వాలిపోయి, కన్ను పక్కకి పోయి, కంటిపాప కూడా పెద్దదైందంటే అది మెదడులో రక్తనాళం ఉబ్బినందువల్ల కావచ్చు, అది ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాల్సిన ఎమర్జెన్సీ. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలి రెండుగా కనపడితే మయస్థీనియా (కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బు) అనుమానిస్తారు. పైకి చూడలేక కన్ను ఉబ్బినట్టుంటే థైరాయిడ్.

ఈ అనుమానాల్ని కాయితం మీద చూపించేది హెస్ చార్ట్. ఎరుపు ఆకుపచ్చ కళ్ళజోడు పెట్టి, తెర మీద చుక్కల్ని గుర్తుపట్టిస్తారు, ఒక్కో కంటికి ఒక గడి తయారవుతుంది. బలహీనమైన కంటి గడి కుంచించుకుపోయి ఉంటుంది, బాగున్న కంటి గడి అటువైపు సాగి ఉంటుంది. దీన్ని 1908లో కనిపెట్టిన వాల్టర్ హెస్ ముందు కంటి డాక్టరే, 1949లో ఆయనకి నోబెల్ వచ్చింది మాత్రం మెదడు మీద చేసిన పనికి. మూడు నాలుగు వారాలకోసారి ఈ చార్టు తీస్తే నరం కోలుకుంటోందా లేదా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఈలోపు అద్దానికి అంటించే పల్చటి ప్రిజమ్ ప్లాస్టిక్ ఇస్తే మనిషి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళగలడు. పక్షవాతం వచ్చినవాళ్ళకి చూపులో సగం పోయినా కుటుంబం గమనించదు, కంచంలో ఒక పక్క అన్నం అలాగే వదిలేస్తుంటే మతిమరుపు అనుకుంటారు. బ్రిటన్‌లో స్ట్రోక్ పేషెంట్ల చూపు పరీక్షల్లో ఆర్థాప్టిస్టులది పెద్ద పాత్ర.

ఇక వ్యాయామాల సంగతి. దగ్గర చదివేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి సరిగా కలవక తలనొప్పి, అక్షరాలు కదిలినట్టుండటం ఒక నిజమైన జబ్బు, దానికి అభ్యాసాలు పనిచేస్తాయి కూడా. 2008లో వచ్చిన అమెరికా స్టడీలో 221 మంది పిల్లల్ని పన్నెండు వారాలు చూశారు. క్లినిక్‌లో నేర్పిస్తూ చేయించినవాళ్ళలో 73 శాతం మందికి బాగుపడింది లేదా మెరుగైంది, ఇంట్లో పెన్సిల్ ముక్కు దగ్గరికి తెచ్చుకునే ఎక్సర్‌సైజ్ చేసినవాళ్ళలో 43 శాతమే (కంప్యూటర్ ప్రోగ్రాం, పెన్సిల్ రెండూ కలిపి ఇంట్లో చేసినవాళ్ళలో 33), ఉత్తుత్తి వైద్యానికి 35. అంటే ఊరికే పెన్సిల్ చూపించి పంపెయ్యడం ఉత్తుత్తి వైద్యం కన్నా అంత మెరుగేమీ కాదన్నమాట. అలాగని కంటి వ్యాయామాలతో కళ్ళజోడు తీయించేస్తాం, చదువు రాని పిల్లాడికి చదువొచ్చేస్తుంది అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళ మాట వేరు, డిస్‌లెక్సియా (చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది) వీటితో నయమవుతుందనడానికి ఆధారం లేదు.

మన దగ్గర ఆర్థాప్టిస్ట్ అని బోర్డు పెట్టుకుని కూర్చునేవాళ్ళు చాలా తక్కువ. ఆ పనిని పెద్ద కంటి ఆస్పత్రుల్లో ఎక్కువగా ఈ విభాగంలో ట్రైనింగ్ అయిన ఆప్టోమెట్రిస్టులు చేస్తారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి అక్కడ విజన్ టెక్నీషియన్లని కూర్చోబెట్టింది, అనుమానం వస్తే కింది మెట్టునుంచి పైమెట్టుకి పంపే పద్ధతి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఏపీలో 2019 అక్టోబరులో స్కూలు పిల్లలతో మొదలుపెట్టిన కంటి వెలుగు, ఇవి లక్షలమందిని చూసిన కార్యక్రమాలు, అద్దాలు లేక మసకగా చూస్తున్నవాళ్ళకి అవి నిజంగా వెలుగే అయ్యాయి. కానీ ఆ వేగంలో ఒక్కో పిల్ల కంటికి చెంచా అడ్డంపెట్టి నింపాదిగా చూసే టైము ఉండదు, ఉండాలని అడగడం కూడా అన్యాయం. కాకపోతే అరచేయి బదులు అట్టముక్కో ప్యాచో వాడటం, ఒక కంటికీ ఇంకో కంటికీ మధ్య అక్షరాలు మార్చడం, రెండు లైన్లు తేడా ఉంటే పైకి పంపడం, వీటికి పైసా ఖర్చు లేదు.

పెద్ద ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు కౌంటర్లో ఆర్థాప్టిస్ట్ అని అడిగితే ఆర్థో బ్లాక్ దారి చూపించే అవకాశం ఉంది, స్క్వింట్ (అంటే మెల్ల) క్లినిక్ అనో పిల్లల కంటి విభాగం అనో అడిగితే సరిపోతుంది. పిల్ల నిద్ర లేచి, కడుపు నిండి ఉన్న టైముకి తీసుకెళ్ళాలి, ఆకలితో ఏడుస్తుంటే కుక్కపిల్ల తోక ఎవరిక్కావాలి. పాత అద్దాలు, పాత ఫొటోలు పట్టుకెళ్ళాలి. కంటిపాప పెద్దది చేసే చుక్కల మందు మాత్రం ఈ కొలతలన్నీ అయ్యాకే వెయ్యాలి, ముందే వేసేస్తే దగ్గర బొమ్మ మసకైపోయి ఆ పూట కొలతలకి లెక్కుండదు, ఇంకో రోజు రమ్మంటారు.